మిగిలిన ఏడడుగులు

గోడ మీద ఎర్రరంగుతో గీత గీసి
పక్కన పదహారని అంకె వేసి పోయారు.
గీతకి అవతలిది రోడ్డు,
ఇవతలిది నేను.

అరుగూ, వీధిగదీ, సగం నడవా పోయాక
టేపు పట్టిన కుర్రాడు జాలిపడ్డాడు:
"ఏడడుగులు మిగిలిందమ్మా."
నాకు నవ్వొచ్చింది.
పెళ్ళినాడు మా ఆయనతో నడిచినవీ అన్నే.

ఆ ఏడడుగుల్లో
ఐదు హార్స్‌పవర్ మోటారు, ఒక కాటా,
డ్వాక్రా లోను, పీటేసుకుంటే నేను.
పడకగది నీలం సున్నం
ఇప్పుడు విజయనగరమంతా చూస్తోంది.
కేలండరు మేకు అలాగే ఉంది,
దానికి రేట్ల అట్ట తగిలించాను.
జూట్ మిల్లు మోతకి చెవులు పోయిన మా ఆయన
గోడకి అరచెయ్యి ఆనించి
బెల్టు జారడం నాకన్నా ముందు పసిగడతాడు.

బోర్డు రాసే గౌరీసు
అక్షరానికి ఇరవై అన్నాడు.
అత్త పేరు పెడదామనుకున్నదాన్ని,
లెక్కేసుకుని 'పిండిమర' అని ఊరుకున్నాను.
అత్త ఏమీ అనుకోదు. ఆవిడకి చదువు రాదు.

ఎదురు వరసలో అద్దాల బిల్డింగు లేస్తోంది.
కింద షాపులకి అప్పుడే అడ్వాన్సులు పడ్డాయట,
ఒకటి సెల్‌ఫోన్లు, ఒకటి కేకులు, ఇంకోటి చెప్పరు.
"పేకెట్ పిండి రోజుల్లో మరేటే, వెర్రిదానా" అంది వదిన.
నిజమే కావచ్చు.
వడ్డీ కూడా తిరుగుద్ది మరలాగే,
మోత లేకుండా, రాత్రుళ్ళు కూడా.

మొదటిరోజు పదిన్నర దాకా ఎవరూ లేరు.
అప్పుడు ఆటో దిగింది సూరీడమ్మ పిన్ని,
నిన్నమొన్నటి మా ఎదురిల్లు.
గీతకి ఇవతల ఆవిడకేమీ మిగల్లేదు.
ఊరవతల కాలనీలో మూడో అంతస్తు ఇచ్చారు.
పాత డాల్డా డబ్బాలో రెండు కేజీల చోళ్ళు.

మర తిరుగుతున్నంతసేపూ
పిన్ని రోడ్డు వంకే చూసింది.
"ఆ మేన్‌హోలు మూత ఉంది చూడు,
అక్కడే నా పొయ్యి."
గంటస్తంభం వైపు పోయే బళ్ళు
హారన్లు కొడుతూ దాని మీంచే పోతున్నాయి.

డబ్బులొద్దన్నాను.
"బోణీ బేరం! అలా అంటారేటి?" అని
కొంగుముడి విప్పి రెండు పది కాగితాలు
నా చేతిలో కుక్కింది.
కళ్ళకద్దుకుని కాటా కింద పెట్టాను.

డబ్బా ఇంకా వేడిగా ఉంది.
దాన్ని పొట్టకి ఆనించుకుని
మెట్టు దిగి, నిలబడి,
అటూ ఇటూ చూసుకుని
పిన్ని తన వంటిల్లు దాటింది.