మిగులు

రేవు గోడకి దిగ్గొట్టిన కర్ర.
దాని మీద తెల్లరంగు గీతలు.
ఏడో అంకెని నత్తగుల్లలు ఎప్పుడో తినేశాయి.
గంటకోసారి టార్చి వేసి
నీళ్లెక్కడున్నాయో రాయడం నా ఉద్యోగం.
పెన్సిలుతోనే.
సిరా అయితే ఉప్పుగాలికి ఏడుస్తుంది.

మొదటి నెలంతా వట్టి అంకెలు.
డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
నా నిద్రని ముక్కలుగా కోసేది.

రెండో నెల గ్రాఫు కాయితాలు
గది చుట్టూ అంటించాను.
చుక్కకీ చుక్కకీ గీత కలుపుతుంటే
గోడల్లో ఎవరో పడుకుని
ఊపిరి తీస్తున్నట్టు.
పోటు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యం!
పరుగెత్తుకెళ్లి చెప్పాను,
వేలంపాట దగ్గర తట్ట దించుతున్న
గరికిన పోలమ్మకి.

"అదేటి బాబూ,
సందమామ ఎంత ఆలీసెమైతే సంద్రం అంత ఆలీసెం.
మా అత్త సెప్పింది, ఆవిడికి వోలత్త.
దీనికింత కాయితమా?"

నవ్వాను. కాస్త సిగ్గేసింది కూడా.
ఆ రాత్రి లెక్కలోంచి చంద్రుణ్ణి తీసేశాను,
తర్వాత సూర్యుణ్ణి.
సముద్రం చాపలా చదునుగా పడుకుంది,
ఒక్క మంగళవారం తప్ప.
తెల్లారుజామున మూడింటికి
జానెడు ఎక్కువ.
గాలి లేదు. వాన లేదు. ఏ ఓడా రాలేదు.
నిద్రమత్తులో తప్పు చదివానేమో.
రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.

పొద్దున్నే పోలమ్మని అడిగితే
ఈసారి వెంటనే చెప్పలేదు.
తట్ట కింద పెట్టి
చాలాసేపు నీళ్లకేసి చూసి
"ఏమో బాబూ" అంది.
"మల్లీ వొస్తే సెప్పు."

రబ్బరు జేబులోనే ఉంది.
జానెడు చుట్టూ సున్నా చుట్టి
పక్కన నాలుగు వరుసలు ఖాళీ వదిలాను.
గంట కొట్టారు.
టార్చి వెతుక్కుంటూ లేచాను.