ముట్టుకోవద్దు

మోంటెవిడియోలో, పెన్షన్ల ఆఫీసు నాలుగో అంతస్తులో
నాకంటే ఏడేళ్ళు పెద్ద ప్రోగ్రాం ఒకటుంది.
నెలనెలా ఇరవై మూడో తేదీ రాత్రి
లేస్తుంది, దగ్గుతుంది,
లక్షా ఎనభై వేలమందికి డబ్బు పంచి పడుకుంటుంది.
దాన్ని కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం.

రాసినవాడు నెల్సన్ బిదెగాయిన్.
మనిషిని ఎప్పుడూ చూడలేదు.
అతని ధోరణి మాత్రం
మా ఆయన గురకకన్నా బాగా తెలుసు నాకు.
నిల్వకి 'కుక్క' అని పేరు పెట్టాడు, వడ్డీకి 'కుక్క2'.
'కుక్క3' ఎక్కడా లేదు.
'కుక్క4' ఉంది,
దాన్ని కదిపితే అన్నీ కలిసి మొరుగుతాయి.

ఒకచోట వెయ్యితో భాగిస్తాడు.
తొంభై మూడులో పెసోకి మూడు సున్నాలు కోసినప్పటి గాటు అది.
పద్నాలుగు వందల వరసలు దాటాక
ఎవరో, ఎందుకో, మళ్ళీ వెయ్యితో గుణించారు.
ఆ మధ్య దారిలో
ప్రతి ముసలమ్మా కాసేపు నిరుపేద.

5271వ వరస పక్కన ఒకే ఒక్క మాట:
"ముట్టుకోవద్దు. నె.బి."
ఎందుకో చెప్పడానికి చోటు చాల్లేదా?
ఇంకా అరవై గడులు ఖాళీగా ఉన్నాయి కదయ్యా నెల్సన్!

ఆగస్టులో, నది మీది గాలి కిటికీలు బాదుతుంటే,
ఫ్లాస్కులో నీళ్ళు చల్లారి మాతే రుచి చచ్చేదాకా
చూసి చూసి
ఆ వరస తీసేశాను.
సున్నాకి సున్నా కలిపే వరస. ఏం ఉద్ధరిస్తుంది గనక?
పరీక్షలన్నీ పచ్చజెండా ఊపాయి.
మా బాసు బెంతాంకూర్ కేకు తెప్పించాడు.

తీగ లాగితే డొంక కదులుతుందంటారు.
ఇరవై నాలుగు పొద్దుటిదాకా
ఆకు కూడా అల్లాడలేదు.
అప్పుడు మోగింది ఫోను. టాకువారెంబో నుంచి, దోన్యా ఎల్విరా సెగ్రేదో:
"అమ్మాయీ, నేను పోయానని బ్యాంకువాళ్ళంటున్నారు.
అలాంటిదేం జరగలేదే,
ఇప్పుడే గిన్నెలు కడిగాను."

మధ్యాహ్నానికి పదకొండు మంది తేలారు.
అందరికీ మొగుళ్ళు పోయింది
ఏదో ఒక ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన.

వరసని తెచ్చి దాని చోట పెట్టాను.
సున్నాకి సున్నా కలిపితే
పదకొండు మంది లేచి కూర్చున్నారు.

ఎందుకో రాద్దామని కూర్చున్నాను.
నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు.
అందుకని ఆ అరవై గడుల్లో
ఆవిడ ఊరు, ఫోను నంబరు ఇరికించి
"ముందు ఈమెని అడగండి" అని రాశాను.

'కుక్క3' కోసం ఇంకా వెతుకుతున్నాను.