మోకు రెండో కొస

ఆ ఏడు మార్చిలో
ధవళేశ్వరం లాకు తలుపు అడుగున పట్టా ఊడితే
మల్లాడి పోలయ్య దిగాడు.
ఇత్తడి టోపీ మా నాన్న బిగించాడు.
మరలు పన్నెండు, నేనే లెక్కపెట్టాను.
సీసం జోళ్లతో గట్టు మీద
అడుగు తీసి అడుగు వెయ్యలేని మనిషి
నీళ్లలోకి జారాక జిల్లేడు దూది.

గాలిపంపు చక్రం నాది, మోకు నాన్నది.
ఒకసారి గుంజితే బాగానే ఉన్నా.
రెండుసార్లయితే గాలి చాల్లేదు.
మూడయితే లాగెయ్యండి.
నాలుగోది ఎవరూ నేర్పలేదు.

మర్నాడు సాయంత్రం టీకొట్టు రేడియోలో
రష్యా మనిషొకడు ఆకాశంలో
ఓడ తలుపు తీసుకుని బయటికొచ్చాడట.
నడుముకి తాడట. పన్నెండు నిమిషాలట.
లాకు గుమాస్తా సిగరెట్టు పెట్టె మీద లెక్కేశాడు:
ఆ వేగాన రాజమండ్రి నించి నర్సాపురం
పది సెకన్లు.
లాంచీలో మనకో రాత్రి.
కొట్టు కొట్టంతా "ఆయ్!" అంది.

పోలయ్య మెడ చుట్టూ
ఇత్తడి ఒరుసుకున్న ఎర్రచార ఇంకా ఉంది.
"బయటికి రావడం సరేనండి,
తాడు రెండో కొస ఎవడి చేతిలో ఉందంట?"
రేడియో చెప్పలేదు,
బియ్యం ధరల్లోకి వెళ్లిపోయింది.

"మళ్లీ లోపలికెలా దూరేడు?
గాలెక్కితే బట్ట బిగిసిపోద్ది.
చేతొడుగులో వేళ్లు దొరకవు.
నాకోసారి అయింది,
చెవిపక్క మర తిప్పి గాలొదిలి బతికాను."
నా వైపు చూడలేదు.
కిందటేడు పడవపందెం చూస్తూ
చక్రం జోరుగా తిప్పేసింది నేనే.

పాతికేళ్లకి రామచంద్రపురం లైబ్రరీలో చదివాను.
అతని బట్టా ఉబ్బిందట, తలుపులో పట్టలేదట.
కింద ఎవర్నీ అడక్కుండా
కొద్దికొద్దిగా గాలొదులుకుని
తలకిందులుగా దూరాడట.
అప్పటికి కొత్త బ్యారేజీ కట్టేశారు.
ఇత్తడి టోపీ స్టోరు గదిలో,
అద్దం లోపల సాలెగూడు.

బస్సెక్కి కాట్రేనికోన వెళ్లి చెప్పాను.
వల అల్లుతూ విన్నాడు పోలయ్య.
"నే చెప్పలా?" అనలేదు.
"మరి తాడు?"
"ఓడలో రెండోవాడున్నాడట, కూచుని, చూస్తూ."
"ఆడి పేరేంటి?"

పుస్తకంలో ఉంది. నేను పట్టించుకోలేదు.

సూది పక్కన పెట్టి
నా అరచెయ్యి వెలుతుర్లోకి తిప్పాడు,
మోకు వాత ఉందేమోనని.
"మీ నాయన చెయ్యి కాదులే," అన్నాడు,
మళ్లీ ముడి వేసుకుంటూ.