నలభై మూడో చెట్టు

కనగల్ సొసైటీ కాడ
చెప్పులు లైన్ల పెట్టి నేను నీడకు పోయిన.
నా జత ముందర ముప్పై జతలు,
ఒక ఇటుక, ఒక ఖాళీ సీసా,
పాసుబుక్కు జిరాక్సు మీద ఒక రాయి.
రెండు బస్తాలు దొరికినయి.
ఇంకో మూడు మిర్యాలగూడ దిక్కు నుంచి
రాత్రిపూట ఆటోల తెప్పిచ్చిన, ధర మీద ధర ఇచ్చి.

మూడెకరాల బత్తాయి.
యూరియా పడ్డ పదిహేను దినాలకు
ఆకు నల్లబడేంత పచ్చగయింది.
రోడ్డున పోయేటోళ్లు బండ్లాపి చూసిండ్రు.
గట్టు మీద నిలబడి
లేని మీసం కూడ దువ్విన.

పాదులు తవ్వుకుంట ఇద్దమ్మ ఒక్కతే అన్నది:
"రోజూ పెండ్లి బువ్వ పెడితే
కడుపు పెరుగుతది బిడ్డా, కాళ్లు పెరగయి."
నవ్విన.

పుబ్బల వాన పట్టింది.
పాదుల్ల నీళ్లు మూడు దినాలు కదలలే.
నలభై మూడో చెట్టు కొనకు
ఒక్క ఆకు పసుపుకొచ్చింది.
ఆ వెనక కాత. ఎన్నడు లేనంత కాత.
సచ్చే చెట్టు ఇరగ్గాస్తదని నాకేం తెలుసు,
టన్నుకింత అని లెక్కలేసుకున్న.
కాయ నిమ్మకాయంత కాంగనే
ఆకంత రాలి,
కాయలు మాత్రం యాలాడినయి.

గడ్డపార ఏసినం.
వేరు మీది తోలు
ఉడికిన చామగడ్డ తోలు లెక్క
వేలికి ఊడొచ్చింది.
పీచు వేరు ఒక్కటి లేదు.
పైన అంత అడవి, కింద పిడికెడు.
ఇద్దమ్మ ఇంత మన్ను తీసి నా ముక్కు కాడ పెట్టింది.
వేరు కంపు కొడుతున్నది.
మన్నుకు మాత్రం ఏ వాసనా లేదు.
నాకు గదే భయమైంది.

ఇప్పుడు గిన్నెతోని కొలిచి ఏస్తున్న,
ఇంతింత, మూడు దఫాలు, వేపపిండి కలిపి.
సాళ్ల నడుమ జనుము చల్లిన.
మొన్న ఒక మొక్క పీకి
వేరు బుడిపెను గోటితో చిదిమితే
లోపట పసిపిల్ల చిగురు రంగు.
గాలిల నత్రజనిని పట్టి దాసుకుంటదట,
లైన్ల నిలబడకుండ,
పాసుబుక్కు లేకుండ.

నలభై మూడో గుంత ఇంకా తెరిచే ఉంది.
ఎండాకాలం దాక ఎండనియ్యి, అన్నది ఇద్దమ్మ.
పక్క చెట్టు ఆకు జర లేతగున్నది.
దానికి ఆకలో, లేక నా కండ్లకే
ఆ నల్లపచ్చ అలవాటయిందో.
కొట్టంల సగం బస్తా ఉన్నది.
పొద్దున ఒకసారి మూతి ఇప్పిన,
మళ్ల కట్టిన.