కోరమ్ లేదు

నియమావళి పదకొండో పేజీలో, మూడో పేరాలో
డైరెక్టరు పదవీకాలం రెండేళ్లు అని ఉంది.
అక్కడ ఆగి ఉంటే బాగుండేది.
ఆ వాక్యానికో తోక ఉంది:
"లేదా ఆ స్థానంలోకి మరొకరు ఎన్నికయ్యేవరకు."
ఆ తోక పట్టుకునే
ఆర్డిత్ క్లోస్టర్‌మన్
ఇరవై ఒక్క ఏళ్లు దాటింది,
నీళ్లులేని ఏటిని ఆవుతోక పట్టుకుని దాటినట్టు.

టూసాన్‌కి దక్షిణాన, ఎండిన వాగు పక్కన
నూట ఎనభై రెండు ఇళ్లు,
అన్నిటికీ ఒకటే ఇసుకరంగు.
వేరే రంగు కావాలంటే ఆమె సంతకం కావాలి.
దులూత్ మంచు వదిలి నేనిక్కడికొచ్చిన మొదటి వారమే
నా పోస్టుడబ్బా మీద చీటీ అంటించింది:
"ఆకుపచ్చ కుదరదు."
ఆనాటినుంచీ
ఆమె ఎప్పుడు దిగుతుందా అని
రోజులు లెక్కపెట్టేవాళ్లలో నేనూ చేరాను.

చాలామందిమే ఉన్నాం.
ఈతకొలను గట్టున కూచుని
మోకాళ్లదాకా కాళ్లు నీళ్లలో ఆడిస్తూ
"దేశాధ్యక్షుడికే ఎనిమిదేళ్లు దాటనివ్వరే!" అంటాడు బరాగన్.
"పాలడబ్బాకి కూడా ఆఖరి తేదీ ఉంటుంది"
అంటుంది విన్నిఫ్రెడ్, టోపీ సర్దుకుంటూ.
ఈ మాటలు నీళ్లలో తడిసి, ఎండకి ఆరి
మర్నాటికి మళ్లీ కొత్తవయ్యేవి.

జనవరి రెండో మంగళవారం వార్షిక సమావేశం.
కోరమ్ అరవై ఒకటి.
వచ్చేది పదమూడు మంది, ఒక కుక్క.
ఆమె రెండుసార్లు లెక్కపెట్టి
"కోరమ్ లేదు" అని రాసుకునేది.
ఎన్నిక లేదు కనక పాత బోర్డే కొత్త బోర్డు.

ఈ ఏడు నోటీసుతోబాటు ఒక నీలం కాగితం వచ్చింది.
"ఎవరూ వరసగా ఆరేళ్లకి మించి బోర్డులో ఉండరాదు.
ప్రతిపాదన: ఎ. క్లోస్టర్‌మన్."
"ఇందులో ఏదో మెలిక ఉంది" అన్నాడు బరాగన్,
కాగితాన్ని ఎండకి ఎత్తి చూస్తూ.

డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి
గోల్ఫు బండిలో, కాఫీ ఫ్లాస్కుతో
గడపగడపకీ తిరిగింది, ప్రాక్సీ సంతకాల కోసం.
మా గుమ్మంలో నిలబడి కలం వెతుక్కుంటూ అంది:
"రోలండ్ పోయిన ఏడే దిగిపోదామనుకున్నా.
ఆ వారమే పంపు పగిలింది.
తర్వాత పైకప్పుల దావా.
తర్వాత... ఏదో ఒకటి.
మీరంతా దీన్ని కుర్చీ అంటారు.
నాకిది మోటారుగది తాళంచెవి. అంతే."
ఆమె వేళ్లకి క్లోరిన్ వాసన.
నేను సంతకం పెట్టాను.
పోస్టుడబ్బా సంగతి ఎత్తలేదు, నేనూ, ఆమే.

మంగళవారం, ఎనిమిదింటికి.
మనుషులూ కాగితాలూ కలిపి యాభై ఎనిమిది.
ఎనిమిదిన్నరకి ఎవరో పరుగున వెళ్లి
అన్నదమ్ముల జంటని లాక్కొచ్చారు. పక్కపక్క ఇళ్లే.
అరవై.
బరాగన్‌కి ఫోను చేశాం.
వెనకాల టీవీలో ఆట హోరు.
"నేనొక్కణ్ణి రాకపోతే మునిగిందేముంది?" అన్నాడు.
తొమ్మిదింటికి హాలు మూసెయ్యాలి.

ఆమె అదే చేతిరాతతో, అదే పేజీ చివర
"కోరమ్ లేదు" అని రాసింది.
కలానికి మూత పెట్టడానికి మాత్రం
చాలాసేపు పట్టింది.

కుర్చీలు మడుస్తూ అడిగింది,
కోపంగా కాదు, గంట ఎంతయిందని అడిగినట్టు:
"రేపు ఏడింటికి పంపు బాగుచేసేవాడొస్తాడు.
గేటు ఎవరు తీస్తారు?"

ఎవరం మాట్లాడలేదు.
కుక్క ఆవులించింది.
తలలు దించుకున్నాక
హాల్లో నేల పలకలు
ఎంత బాగున్నాయో మొదటిసారి చూశాం.
ఏ ఏడు వేయించారో,
ఎవరు సంతకం పెట్టారో.