అప్పు పోను

వసిష్ఠ దాటి, సఖినేటిపల్లి రేవులో పంటు దిగి
చీర కుచ్చిళ్ళకంటిన బురదతోనే క్లాసుకొచ్చాను.
ఎనిమిదిలో ఇంటికి పోయినవాళ్ళు
పరీక్ష రాయకుండానే పదిలో కూర్చున్నారు.
గొంతులు మారాయి.
మాస్కు పైన కళ్ళు చూసి పేరు పోల్చుకోవడం
నాకింకా చేతకావడం లేదు.

ఏడులోంచి మైనస్ ఐదు తీసేస్తే?
రెండు, అన్నారు కొందరు.
మిగతావాళ్ళు మ్యూట్‌లో ఉన్నట్టు ఉన్నారు.
సంచిలో తెచ్చిన వర్గ సమీకరణాలు
సంచిలోనే ఉంచాను.

మొన్న శిక్షణలో చెప్పారు,
పిల్లలే కనుక్కోవాలి, మీరు పక్కన నిలబడాలని.
నిలబడతానండీ, తర్వాత.
ఈత మరిచినవాణ్ణి గోదాట్లోకి తోసి
నీళ్ళ గురించి నీకేం తోస్తోందిరా అని అడగలేను.

చూడండి, ముందు నేను చేస్తాను.
రాయకండి. చూడండి.
ఇప్పుడు కలిసి చేద్దాం.
ఇప్పుడు మీరు. పలకలెత్తండి.
తప్పా? పర్లేదు,
మళ్ళీ నేను చేస్తాను.

ఇందులో గొప్పేం లేదు.
సువార్తకి వాళ్ళమ్మ లేసు నేర్పిందీ ఇలాగే,
చేతిమీద చెయ్యేసి, గొలుసు, కుట్టు, గొలుసు,
తప్పిన చోటిదాకా విప్పి, మళ్ళీ.
బడి మూసిన రోజుల్లో ఆ పిల్ల
పన్నెండు టేబులు గుడ్డలు అల్లింది,
ఒక్క కుట్టు లెక్క తప్పకుండా.

నాలుగో రోజు అన్నాను:
ఋణ సంఖ్య అంటే అప్పేరా.
అప్పు పోను నీకు మిగిలేది ఏడు.
అందులో ఐదు అప్పు కొట్టేశారనుకో.
ఇప్పుడెంత?

వెనక బెంచీలో లోవరాజు,
రెండు పంటలు రొయ్యల చెరువు కాపలా కాసినవాడు,
ఏరేటర్ల హోరు చెవిలో ఉండిపోయి
ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకునేవాడు,
పలకెత్తాడు. పన్నెండు.
ఈ గదిలో వాడి మొదటి సరైన జవాబు.

ఆ పలక దించకుండానే అడిగాడు:
"ఎవరు కొట్టేస్తారు టీచర్?"

క్లాసంతా నవ్వింది. వాడు నవ్వలేదు.
ఆసామి దగ్గర వాళ్ళ నాన్న వాడుకున్న అడ్వాన్సు సంగతి
నాకు తెలిసి ఉండాల్సింది.
గుర్తు మారుతుందని నా దగ్గర సూత్రం ఉంది.
ఎవరు మారుస్తారో అందులో లేదు.

డస్టర్ ఇటు అటు మార్చుకుని
ఇంకో లెక్క ఇచ్చాను:
మైనస్ మూడులోంచి మైనస్ ఎనిమిది.
ఈసారి ముందు నేను చెయ్యలేదు.
వాడు వేలి కణుపులు లెక్కపెట్టుకుంటున్నాడు.
రేవులో పంటు హారన్ కొట్టింది.