నలభై నాలుగు ఔన్సులు

మా కొట్లో పేర్లతో పని లేదు.
గ్లాసు సైజు చూస్తే మనిషెవరో తెలిసిపోతుంది.

తెల్లారగట్ల నాలుగూ నలభైకి
బొగ్గు లారీ ఇంజను ఆపకుండానే
వెర్లన్ స్టిడమ్ లోపలికొస్తాడు.
నలభై నాలుగు ఔన్సులు, ఐసు తక్కువ.
ఉప్పు పల్లీల పొట్లం పంటితో చింపి
నేరుగా సోడాలోనే ఒంపుతాడు.
మసి అంటిన వేళ్ళతో తినలేక
వాళ్ళ నాన్న కనిపెట్టిన ఉపాయమట.
నాన్న దిగిన గని మూతపడింది, నాన్నా పోయాడు.
పల్లీలు మాత్రం ఇంకా తేలుతున్నాయి.

ఈ కెంటకీ కొండల్లో కుళాయి తిప్పితే
ముందు ఒక దగ్గు, తర్వాత తుప్పు రంగు,
ఆ తర్వాత కుళ్ళిన గుడ్ల వాసన.
మా కొట్లో నీళ్ళ సీసా కంటే సోడా సీసా పది సెంట్లు చవక.
అమ్మ నా పాలసీసాలో ఏం పోసిందో
నేనెప్పుడూ అడగలేదు.
ఆమెకి దొరికినవాటిలో
శుభ్రంగా కనిపించింది అదొక్కటే.

నవ్వొస్తే నా చెయ్యి దానంతటదే లేస్తుంది.
కొత్తవాళ్ళు సిగ్గనుకుంటారు.
ముప్పై నాలుగేళ్ళు నాకు. పై వరసలో ఎనిమిది పళ్ళు.

పోయిన ఆగస్టులో వెర్లన్‌కి షుగర్ వచ్చింది.
వచ్చింది అనే అంటారు ఇక్కడ, చుట్టం వచ్చినట్టు.
ఎన్నేళ్ళుగా గుమ్మంలో కూర్చుని ఉందో
ఎవరూ చెప్పరు.
మర్నాటి నుంచి డైట్ మీట నొక్కాడు.
అదే గ్లాసు, అవే పల్లీలు,
మొహంలో మాత్రం చర్చి మెట్లు దిగొస్తున్నంత తేలిక.
చక్కెర మిగిల్చాను కదా అని
పొద్దున ఒక తేనె బన్ను, మధ్యాహ్నానికి ఇంకోటి.
సున్నా అని రాసుంది కాబట్టి గ్లాసులు రెండయ్యాయి.
సున్నాని రెండుతో గుణిస్తే సున్నాయేగా, అన్నాడు.
బళ్ళో లెక్కల్లో ఎప్పుడూ వాడే ఫస్టు.

ఏడాదికోసారి పళ్ళ డాక్టర్ల బస్సొచ్చి
బాప్టిస్టు చర్చి వెనక ఆగుతుంది.
అర్ధరాత్రి నుంచే దుప్పట్లు కప్పుకుని వరస.
నా ముందు ఎనభయ్యేళ్ళ డెల్ఫియా నోబుల్,
నా వెనక ఆమె మునిమనవడు, పదకొండేళ్ళవాడు.
ఇద్దరివీ ఒకేలా అరిగిన ముందుపళ్ళు.
ముక్కు తీరు, కళ్ళ రంగు ఏవీ చూడక్కర్లేదు,
మా వైపు పోలికంటే ఇదే.

కుర్చీలో వెనక్కి వాలి వెర్లన్
నేను డైటేనండీ అన్నాడు,
పాస్టరు ముందు సాక్ష్యం చెబుతున్నట్టు.
డాక్టరమ్మ చిన్నపిల్ల, కళ్ళ కింద నిద్రలేని నీలం.
"చక్కెర ఉందో లేదో పన్నుకి తెలీదు సార్.
దానికి తెలిసింది పులుపొక్కటే.
రోజంతా గుటక గుటకా నానబెడుతున్నారు."
మరి నా షుగరో?
"పాతదానికంటే నయమే. కానీ ఏళ్ళ తరబడి తాగితే
లోపల ఏం చేస్తుందో
అందరూ ఒకే మాట చెప్పడం లేదు.
నాకూ తెలీదు."

తెలీదన్న డాక్టర్ని వాడు చూడ్డం అదే మొదలు.
అందుకే నమ్మాడనుకుంటా.
ఆ పూట వాడివి ఆరు పోయాయి, నావి మూడు.

రాత్రి డ్యూటీలో చివరి పని యంత్రం కడగడం.
దాని కింద, చుక్క పడే చోట,
సిమెంటు నేల గుంట పడింది.
పిడికిలి పడుతుంది.
డైట్ గొట్టం కిందా ఉంది ఒకటి. వేలు పెట్టి కొలిచాను,
కాస్త లోతు తక్కువ.
ఓనరు రెండిటి మీదా కలిపి
ఒక రబ్బరు పట్టా వేయించాడు.

ఇవాళ నాలుగూ నలభైకి
బుగ్గలో దూది కుక్కుకుని వచ్చాడు వెర్లన్.
గ్లాసు నిండా ఐసు పట్టి, మీటల ముందు నిలబడిపోయాడు.
చివర్న నీళ్ళ మీట ఒకటుంది, బొటనవేలంత,
స్టిక్కరు ఎప్పుడో ఊడిపోయింది.
ఫిల్టరు మార్చారా? అన్నాడు.
గురువారం, అన్నాను.
ఏ ఏడాది గురువారం?

నవ్వొచ్చింది నాకు.
చెయ్యి లేవలేదు.
రెండు చేతుల్లోనూ పట్టా ఉంది,
కడగడానికి ఎత్తింది,
నల్లగా కారుతూ.